గ్రాఫింగ్ కాలిక్యులేటర్: వాడే తీరు, అది చెప్పే తప్పులు, చెప్పకుండా చేసే తప్పులు

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు గణితం చెప్పే నా దగ్గరికి నిరుడు ఎండాకాలంలో ఒక అమ్మాయి కాలిక్యులేటర్ పట్టుకొని వచ్చింది. అమెరికాలో ఉద్యోగం చేసే మేనమామ సెలవులకు వస్తూ తెచ్చిచ్చిన టీఐ-84 ప్లస్ అది, సమీకరణం ఎక్కిస్తే దాని గ్రాఫును తెర మీద గీసే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ యంత్రం. వరంగల్‌లో పగటి పొడవు ఏడాదిలో ఎలా మారుతుందో ప్రాజెక్టు కోసం గీయబోతే మొదట తెర మీద అక్షాలు తప్ప ఏమీ కనిపించలేదట. హద్దులు మార్చి చూస్తే, పెరుగుతూ తరుగుతూ ఉండాల్సిన వక్రరేఖకు బదులు బల్లపరుపు గీత వచ్చిందట. "సార్, ఇది ఖరాబైనట్టుంది" అన్నది. అది ఖరాబు కాలేదు, అడిగినదాన్ని అడిగినట్టే గీసింది. అయితే ఆ రెండుసార్లూ తెర మీద ఒక్క తప్పు సందేశం కూడా రాలేదు, నన్ను ఈ వ్యాసం రాయించిన సంగతి అదే.

మన పిల్లలకు ఈ యంత్రంతో పరిచయం ఆలస్యంగా కలుగుతుంది. ఇంటర్మీడియట్ పబ్లిక్ పరీక్షల్లోనూ, జేఈఈ మెయిన్‌లోనూ కాలిక్యులేటర్‌ను అనుమతించరు. గేట్‌లో తెర మీదే ఒక సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఇస్తారు గాని అది గ్రాఫులు గీయదు. అందువల్ల ఇంజినీరింగ్‌లో ఏదో ప్రాజెక్టుకో, విదేశీ చదువుకో అవసరం పడినప్పుడు, లేదా ఫోన్‌లో డెస్మోస్, జియోజీబ్రా లాంటివి తెరిచినప్పుడు మొదటిసారి గ్రాఫును యంత్రం చేత గీయిస్తారు, గీసిందల్లా నిజమని నమ్మేస్తారు. నేను టీఐ-84 ప్లస్‌ను ఆధారం చేసుకొని చెబుతాను. కాసియో యంత్రం ఉన్నవారికి మీటల పేర్లు మారినా జరిగే పని మాత్రం అదే.

తెర మీద నిజంగా జరిగేది

1985లో కాసియో విడుదల చేసిన ఎఫ్ఎక్స్-7000జీ మార్కెట్లోకి వచ్చిన మొదటి గ్రాఫింగ్ కాలిక్యులేటర్. దాని తెరకు అడ్డంగా 96, నిలువుగా 64 చుక్కలుండేవి. 2004లో వచ్చిన టీఐ-84 ప్లస్ తెర కూడా అంతే. అందులో గ్రాఫుకు వాడుకునేది అడ్డంగా 95, నిలువుగా 63 చుక్కలు. మీరు సమీకరణం ఎక్కించి గ్రాఫ్ మీట నొక్కగానే యంత్రం ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా 95 నిలువు వరుసలకు 95 ఎక్స్ విలువలు తీసుకొని, ఒక్కొక్క దానికి వై విలువ లెక్కగట్టి, దగ్గరి చుక్కను వెలిగించి, పక్క పక్క చుక్కలను గీతతో కలుపుతుంది. రెండు వరుసల మధ్య ప్రమేయం ఏం చేస్తుందో దానికి తెలియదు, తెలుసుకునే ప్రయత్నం కూడా చేయదు. కింద చెప్పబోయే తప్పుల్లో సగానికి పైగా ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి కాబట్టి దీన్ని గట్టిగా పట్టుకోండి.

ప్రామాణిక విండోలో, అంటే రెండు అక్షాలూ −10 నుంచి 10 దాకా ఉన్నప్పుడు, 95 వరుసల మధ్య 94 అంతరాలుంటాయి. 20ని 94తో భాగిస్తే ఒక్కొక్క అడుగు సుమారు 0.2128. ఈ సంఖ్య మళ్ళీ మళ్ళీ వస్తుంది.

గీయడానికి ముందు

యంత్రం తెరవగానే తెర ఖాళీగా గాని, నల్లగా గాని కనిపిస్తే భయపడకండి. సెకండ్ మీట నొక్కి పై బాణాన్ని పట్టుకుంటే తెర నల్లబడుతుంది, కింది బాణం పట్టుకుంటే తేలికపడుతుంది. "చచ్చిపోయింది" అంటూ నా దగ్గరికి తెచ్చిన యంత్రాల్లో కొన్ని ఈ ఒక్క నొక్కుతో బతికాయి.

తరువాత మోడ్ మీట నొక్కి మూడవ వరుస చూడండి. అక్కడ రేడియన్ ఉందా, డిగ్రీ ఉందా అన్నది త్రికోణమితి ఉన్న ప్రతి లెక్కనూ నిర్ణయిస్తుంది. ఆ తరువాత వై= మీట నొక్కి పై వరుసలో ప్లాట్1, ప్లాట్2, ప్లాట్3 అన్నవి నల్లగా వెలిగి ఉన్నాయేమో చూడండి. ఇంతకుముందు ఎవరో గణాంకాల లెక్క చేసి వాటిని ఆపకుండా వదిలేస్తే, మీరు మామూలు సరళరేఖ గీయబోయినా యంత్రం పాత జాబితాలను కూడా గీయబోయి తప్పు సందేశం ఇస్తుంది. కర్సర్‌ను వెలిగి ఉన్న ప్లాట్ మీదికి తీసుకెళ్ళి ఎంటర్ నొక్కితే అది ఆరిపోతుంది. చేతులు మారిన యంత్రమైతే మొత్తం జ్ఞాపకాన్ని తుడిచేయడం మేలు. సెకండ్, కూడిక మీట, 7, 1, 2 అనే వరుసలో నొక్కితే ర్యామ్ ఖాళీ అవుతుంది. అందులోని ప్రోగ్రాములు, జాబితాలు కూడా పోతాయి కాబట్టి ఎదుటివారి యంత్రమైతే అడిగి చేయండి.

సమీకరణం ఎక్కించడం

వై= తెరలో వై1 ఎదుట సమీకరణం రాయాలి. ఇక్కడ రెండు చోట్ల చేయి జారుతుంది.

మొదటిది రుణ గుర్తు. తీసివేతకు కుడి నిలువు వరుసలో ఒక మీట ఉంటే, రుణ సంఖ్య రాయడానికి ఎంటర్‌కు ఎడమ పక్కన బ్రాకెట్లలో గీత ఉన్న వేరే మీట ఉంది. మూడు ఇంటూ రుణ రెండు అని రాసేటప్పుడు తీసివేత మీట నొక్కితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది; అది మంచిదే, తప్పు వెంటనే తెలుస్తుంది. మామూలు లెక్కల తెరలో −5+3 అని మొదలుపెట్టేటప్పుడు తీసివేత మీట నొక్కితే మాత్రం సందేశం రాదు. ముందటి లెక్క జవాబులోంచి 5 తీసేయమన్నారని యంత్రం అనుకుంటుంది. ముందటి జవాబు 40 అయితే మీకు −2కు బదులు 38 వస్తుంది. తెర మీద 'ఆన్స్' అన్న మాట కనిపిస్తే అదే గుర్తు. ఇదే కోవలో −3 వర్గం అని బ్రాకెట్ లేకుండా కొడితే −9 వస్తుంది. ఘాతం ముందు, రుణ గుర్తు తరువాత అన్నది గణిత నియమమే గనుక ఇందులో యంత్రం తప్పు లేదు.

రెండవది బ్రాకెట్లు. 1/2ఎక్స్ అని రాస్తే టీఐ-84 దాన్ని సగం ఎక్స్‌గా తీసుకుంటుంది. గుర్తు లేని గుణకారానికి ముందు చోటిచ్చే కొన్ని నమూనాలు దాన్నే రెండు ఎక్స్‌లలో ఒక వంతుగా తీసుకుంటాయి. ఏ యంత్రం ఏం చేస్తుందో గుర్తుపెట్టుకోవడం కంటే 1/(2ఎక్స్) అని బ్రాకెట్ పెట్టడం సులువు.

విండో: ఖాళీ తెర వెనుక కథ

ఇప్పుడు ఆ అమ్మాయి లెక్కకు వద్దాం. వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్ 21 ప్రాంతంలో ఇక్కడ పగలు సుమారు 13 గంటల 11 నిమిషాలు, డిసెంబరు 21 ప్రాంతంలో సుమారు 11 గంటలు ఉంటుంది. జనవరి 1ని ఒకటవ రోజుగా తీసుకుంటే పగటి పొడవును దాదాపుగా ఈ సూత్రంతో రాయవచ్చు:

వై1 = 12.1 + 1.08 సైన్(2పై(ఎక్స్ − 80)/365)

ఇందులో 80వ రోజు అంటే మార్చి 21. అమ్మాయి దీన్నే ఎక్కించి, జూమ్ మీట నొక్కి 6తో ప్రామాణిక విండో తీసుకుంది. వై విలువ ఎప్పుడూ 11 కంటే కిందికి రాదు. తెర పై అంచు 10. గీత మొత్తం తెరకు పైన ఎక్కడో ఉంది. తెర ఖాళీగా ఉంటే సమీకరణాన్ని అనుమానించే ముందు ఏదో ఒక ఎక్స్ విలువకు వై ఎంతో చూడండి. సెకండ్, గ్రాఫ్ నొక్కితే పట్టిక వస్తుంది, విలువలు ఏ ప్రాంతంలో తిరుగుతున్నాయో అందులో తెలిసిపోతుంది.

పట్టిక చూసిన తరువాత విండో మీట నొక్కి హద్దులు మీరే రాయాలి. ఆమె రెండవసారి ఎక్స్ 0 నుంచి 365, వై 0 నుంచి 24 పెట్టింది. రోజుకు 24 గంటలు గనుక అది సహజమైన ఆలోచనే, అయినా రెండు కారణాల వల్ల గీత బల్లపరుపుగా వచ్చింది. ఒకటి, యంత్రం డిగ్రీ మోడ్‌లో ఉంది. సైన్ లోపలి కోణం ఏడాది మొత్తం మీద సుమారు −1.4 నుంచి 4.9 దాకా మారుతుంది. వాటిని డిగ్రీలుగా తీసుకుంటే సైన్ విలువ సున్నా దగ్గరే తచ్చాడుతుంది, పగటి పొడవు 12.07కీ 12.19కీ మధ్య నిలబడిపోతుంది. రెండు, వై అక్షంలో 24 గంటలు 62 అంతరాల్లో పరచుకుంటే ఒక్కొక్క చుక్క దాదాపు 23 నిమిషాలు. రేడియన్‌కు మార్చిన తరువాత కూడా అలలో శిఖరం మధ్యగీతకు మూడు చుక్కల ఎత్తుకు మించదు. వై హద్దులను 10, 14గా చేస్తే ఒక్కొక్క చుక్క నాలుగు నిమిషాల లోపు అవుతుంది, అల అలగా కనిపిస్తుంది.

ఎక్స్ హద్దులో ఒక చిన్న చిట్కా ఉంది. 365కు బదులు 376 పెట్టండి. 376ను 94తో భాగిస్తే సరిగ్గా 4. ప్రతి నిలువు వరుసా నాలుగు రోజుల అడుగు వేస్తుంది. ట్రేస్ నొక్కి బాణంతో జరుపుతూ పోతే 172వ రోజు, అంటే జూన్ 21, సరిగ్గా ఒక వరుస మీద పడుతుంది, వై 13.18 అని చదవవచ్చు. హద్దుల తేడాను 94 గుణిజంగా ఎంచుకోవడం ఈ నమూనాకు నేను నేర్పే మొదటి అలవాటు. రంగుల తెర ఉన్న టీఐ-84 ప్లస్ సీఈలో గ్రాఫుకు అడ్డంగా 265 చుక్కలుంటాయి కాబట్టి అక్కడ 264 గుణిజాలు తీసుకోవాలి.

విండోలో కనిష్ఠం గరిష్ఠం కంటే పెద్దదైతే, లేదా రెండూ సమానమైతే విండో రేంజ్ ఎర్రర్ వస్తుంది. దాని గురించి చెప్పడానికి ఇంతకు మించి లేదు.

చదవడం: ట్రేస్ ఎక్కడ మోసగిస్తుంది

వై1 = ఎక్స్² − 2 గీసి, అది ఎక్స్ అక్షాన్ని ఎక్కడ దాటుతుందో ట్రేస్‌తో చూడండి. ప్రామాణిక విండోలో కర్సర్ 1.2765957 దగ్గర ఆగితే వై సుమారు −0.37, ఒక్క అడుగు కుడికి వేస్తే ఎక్స్ 1.4893617, వై సుమారు 0.22. ఈ రెంటి మధ్య దానికి ఆగే చోటు లేదు. రెండు మూల విలువ 1.4142136 అని మనకు తెలుసు గనుక సరిపోయింది. తెలియని లెక్కలో 1.49 అని రాసి ఊరుకునేవారే ఎక్కువ.

సరైన దారి సెకండ్, ట్రేస్ నొక్కితే వచ్చే కాల్క్ పట్టికలో ఉంది. అందులో 2వది జీరో. యంత్రం ఎడమ హద్దు అడుగుతుంది. అక్షానికి ఒక పక్కన కర్సర్ పెట్టి ఎంటర్ నొక్కండి. కుడి హద్దు అడుగుతుంది. రెండవ పక్కన పెట్టండి. అంచనా అడిగినప్పుడు మూలానికి దగ్గరగా పెట్టండి. ఆ రెండు హద్దుల మధ్య గీత అక్షాన్ని దాటాలి, దాటకపోతే నో సైన్ చేంజ్ అనే తప్పు వస్తుంది. ఎక్స్² + 1కు వాస్తవ మూలం లేదు గనుక ఆ సందేశం న్యాయమైనదే. (ఎక్స్ − 1)² లాగా అక్షాన్ని తాకి వెనక్కి మళ్ళే గీతకు మాత్రం మూలం ఉన్నా ఆ సందేశం రావచ్చు, అప్పుడు అదే పట్టికలో 3వదైన కనిష్ఠాన్ని అడగండి. ఎక్స్² − 2ఎక్స్ + 0.9999 ఇంకా తమాషా అయినది. ప్రామాణిక విండోలో అది కూడా తాకి మళ్ళినట్టే కనిపిస్తుంది, నిజానికి దానికి 0.99, 1.01 అని రెండు వేరు వేరు మూలాలున్నాయి. జూమ్ చేసి చూడకుండా "ఒకే మూలం" అని రాయకండి.

తెర బయట ఉన్న సంగతులు ఇంకో కష్టం. 2 ఘాతం ఎక్స్, ఎక్స్ వర్గం అనే రెండు గీతలను ప్రామాణిక విండోలో గీస్తే రెండు చోట్ల కలుస్తాయి: ఎక్స్ 2 దగ్గర ఒకటి, −0.77 దగ్గర ఇంకొకటి. మూడవ కలయిక ఎక్స్ 4, వై 16 దగ్గర ఉంది. తెర పై అంచు పది దగ్గరే ఆగిపోయింది. ఎన్ని సాధనలు ఉండవచ్చో కాగితం మీద ముందే ఆలోచించుకున్నవారికే ఆ మూడవది దొరుకుతుంది.

సందేశంతో వచ్చే తప్పులు

తప్పు సందేశం వచ్చినప్పుడు తెర మీద క్విట్, గోటూ అని రెండు దారులు కనిపిస్తాయి. చాలామంది క్విట్ నొక్కి మొత్తం మళ్ళీ కొడతారు. గోటూ నొక్కండి, తప్పు పట్టిన చోటే కర్సర్ నిలబడుతుంది. సింటాక్స్ ఎర్రర్ అంటే బ్రాకెట్ ఎక్కువ తక్కువలు, తప్పు మైనస్ గీత, కామా మరచిపోవడం, ఇలాంటివి. జాబితాల పొడవులు సరిపోకపోతే డిమ్ మిస్‌మ్యాచ్: ఎల్1లో 5 విలువలు, ఎల్2లో 4 ఉంటే వచ్చేది ఇదే. జాబితా ఖాళీగా ఉండి ప్లాట్ వెలిగి ఉంటే ఇన్వాలిడ్ డిమ్ వస్తుంది, దాని మందు ఇంతకుముందే చెప్పాను.

డొమైన్ ఎర్రర్, నాన్‌రియల్ ఆన్సర్ అనేవి కాస్త ఆగి చూడదగ్గవి. సున్నాకు లాగరిథమ్ అడిగినా, 2కు విలోమ సైన్ అడిగినా, డిగ్రీ మోడ్‌లో 90కి ట్యాన్ అడిగినా డొమైన్ ఎర్రర్ వస్తుంది. రుణ సంఖ్యకు వర్గమూలం అడిగితే నాన్‌రియల్ ఆన్సర్ వస్తుంది. ఇవి లెక్కల తెర మీద వచ్చే సందేశాలు. గ్రాఫ్ గీసేటప్పుడు మాత్రం యంత్రం ఈ సందేశాలు ఇవ్వదు, విలువ లేని చోట చుక్క పెట్టకుండా ముందుకు పోతుంది. ఉదాహరణకు చెరువు మత్తడి మీది నుంచి పారే నీటిని లెక్కకట్టే సూత్రాన్ని తీసుకుందాం. వెడల్పైన మత్తడికి నీటి ప్రవాహం, సెకనుకు ఘనమీటర్లలో, సుమారు 1.7 ఇంటూ మత్తడి పొడవు ఇంటూ నీటి ఎత్తు ఘాతం 1.5. మత్తడి పొడవు 30 మీటర్లయితే అది 51 ఇంటూ ఎక్స్ ఘాతం 1.5. ప్రామాణిక విండోలో ఇది మూలబిందువు దగ్గర మొలక లాగా లేచి తెర దాటిపోతుంది, ఎడమ సగంలో ఏమీ ఉండదు. మత్తడి కంటే నీరు కిందికి ఉంటే పారకం ఉండదు గనుక ఎడమ సగం ఖాళీగా ఉండటం ఇక్కడ నిజమే. ఎక్స్‌ను 0 నుంచి 1, వైని 0 నుంచి 60 పెడితే గీత చక్కగా కనిపిస్తుంది. అయితే గీత లేకపోవడానికి విండో కారణమా, ప్రమేయానికి అక్కడ విలువే లేకపోవడం కారణమా అన్నది తెర చెప్పదు. ట్రేస్‌తో అక్కడికి వెళ్ళి చూడండి: వై= పక్కన ఏ సంఖ్యా లేకపోతే విలువ లేనట్టు, సంఖ్య ఉండి కర్సర్ కనిపించకపోతే విండో చాలనట్టు.

ఓవర్‌ఫ్లో ఎర్రర్ గురించి విద్యార్థులు తరచూ అడుగుతారు. ఈ యంత్రం ఘాతం 99కి మించిన సంఖ్యను పట్టుకోలేదు. 69 ఫ్యాక్టోరియల్ సుమారు 1.71 ఇంటూ 10 ఘాతం 98 కనుక వస్తుంది. 70 ఫ్యాక్టోరియల్ 10 ఘాతం 100 దాటుతుంది కనుక రాదు. అసలు జవాబు చిన్నదైనా దారిలో పెద్ద సంఖ్య తగిలితే ఆగిపోతుంది. 100 ఫ్యాక్టోరియల్‌ను 98 ఫ్యాక్టోరియల్‌తో భాగిస్తే జవాబు 9900 మాత్రమే, కాని యంత్రం మొదటి మెట్టు మీదే చేతులెత్తేస్తుంది. ప్రస్తారాల మీటతో 100 ఎన్‌పీఆర్ 2 అని అడిగితే అదే 9900 వెంటనే ఇస్తుంది.

సందేశం లేకుండా వచ్చే తప్పులు

వై1 = 1/(ఎక్స్ − 3) ప్రామాణిక విండోలో గీస్తే పాత నమూనాల్లో 3 దగ్గర నిలువు గీత ఒకటి వస్తుంది. చాలామంది దాన్ని అనంతస్పర్శరేఖ (వక్రరేఖ దగ్గరవుతూ పోయే హద్దు గీత) అనుకొని, "కాలిక్యులేటర్ దాన్ని కూడా చూపిస్తోంది" అని సంతోషపడతారు. అక్కడ జరిగింది వేరు. ఒక వరుసలో ఎక్స్ 2.9787, అక్కడ వై −47. పక్క వరుసలో ఎక్స్ 3.1915, అక్కడ వై 5.22. మధ్యలో ఉన్న 3ను అది చూడనే లేదు, రెండు చుక్కలనూ కలిపేసింది. జూమ్‌లో 4వదైన దశాంశ విండో తీసుకుంటే అడుగు 0.1 అవుతుంది, ఒక వరుస సరిగ్గా 3 మీద పడుతుంది, అక్కడ విలువ లేదని తెలిసి యంత్రం ఖాళీ వదులుతుంది, గీత మాయమవుతుంది. లేదంటే మోడ్‌లో కనెక్టెడ్ బదులు డాట్ ఎంచుకోండి. సీఈ నమూనాలో అనంతస్పర్శరేఖలను పసిగట్టే ఏర్పాటు ఫార్మాట్ తెరలో ఉంది.

దీనికి విరుద్ధమైన తప్పు వృత్తంలో కనిపిస్తుంది. 25 − ఎక్స్² వర్గమూలం గీస్తే 5 యూనిట్ల వ్యాసార్థంతో అర్ధవృత్తం రావాలి. ప్రామాణిక విండోలో అది కోడిగుడ్డులా అణగి వస్తుంది, పైగా రెండు కొసలూ అక్షాన్ని తాకకుండా గాలిలో వేలాడతాయి. అణగడానికి కారణం తెర వెడల్పు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు ఉండటం; జూమ్‌లో 5వదైన జీస్క్వేర్ దాన్ని సరిచేస్తుంది. కొసలు వేలాడటానికి కారణం మన పాత 0.2128. కుడి వైపు ఆఖరి వరుస 4.8936 దగ్గర పడుతుంది, అక్కడ వై ఇంకా 1.03 ఉంటుంది, తరువాతి వరుస 5.106, అక్కడ విలువే లేదు. కమాను కాళ్ళు నేలకు ఒక యూనిట్ పైనే ఆగిపోతాయి.

నేను తరగతిలో చివరికి దాచిపెట్టే ఉదాహరణ ఇది. రేడియన్ మోడ్‌లో, ప్రామాణిక విండోలో, వై1 = సైన్(9.4పై ఎక్స్) గీయించండి. టీఐ-84 ప్లస్ తెర మీద ఎక్స్ అక్షం తప్ప ఏమీ కనిపించదు. నిజానికి ఆ విండోలో 94 పూర్తి అలలున్నాయి. 94 అంతరాల్లో 94 అలలు, అంటే అంతరానికి సరిగ్గా ఒక అల. యంత్రం ప్రతిసారీ అల మొదలయ్యే సున్నా దగ్గరే కాలు మోపుతుంది, ఒక్క శిఖరాన్నీ చూడదు. సెలవు రోజున మాత్రమే ఏనుమాముల మార్కెట్‌కు వెళ్ళి, అక్కడ మిర్చి బస్తాలే రావని తేల్చినట్టు ఉంటుంది ఇది. ఇప్పుడు సైన్ లోపల 9.4పైకి 1 కలిపి, సైన్((9.4పై + 1)ఎక్స్) గీయించండి. తెర మీద అచ్చంగా సైన్ ఎక్స్ వస్తుంది, ట్రేస్ విలువలు కూడా సరిపోతాయి. రెండు వేరు వేరు ప్రమేయాలకు ఒకే బొమ్మ. విండోను కొద్దిగా మార్చి, ఉదాహరణకు ఎక్స్‌ను −1 నుంచి 1 పెట్టి, మళ్ళీ గీస్తే నిజం బయటపడుతుంది. అనుమానం వచ్చిన ఏ గ్రాఫునైనా రెండు విండోల్లో గీయించి చూడమని నేను పట్టుబట్టేది ఇందుకే.

అవకలనంలో కూడా ఇలాంటి మోసం ఉంది. ఎన్‌డెరివ్ అనే ఆజ్ఞ ఇచ్చిన బిందువుకు 0.001 అటూ ఇటూ జరిగి రెండు విలువల తేడాను భాగిస్తుంది. మాపాంక ఎక్స్‌కు, అంటే |ఎక్స్|కు, సున్నా దగ్గర అవకలజం లేదు, అక్కడ మొన ఉంది. యంత్రాన్ని అడిగితే రెండు పక్కలా ఒకే ఎత్తు గనుక తేడా సున్నా, జవాబు 0 అంటుంది. 1/ఎక్స్‌కు సున్నా దగ్గర విలువే లేదు. అడిగితే 10,00,000 అని నిండుగా జవాబిస్తుంది.

అంకెల పరిమితి

టీఐ-84 ప్లస్ ప్రతి సంఖ్యనూ లోపల 14 అంకెలతో ఉంచుకొని, తెర మీద 10 చూపిస్తుంది. 10 ఘాతం 14కు 1 కలిపి, మళ్ళీ 10 ఘాతం 14 తీసేయమంటే 0 వస్తుంది, ఎందుకంటే ఆ ఒకటికి 15వ అంకె కావాలి. ఇంత పెద్ద సంఖ్యలు మనకెందుకు అనుకోవచ్చు, కాని ఇదే తప్పు చిన్న సంఖ్యల్లో మారువేషంలో వస్తుంది.

ఎక్స్ సున్నాను సమీపించినప్పుడు (1 − కాస్ ఎక్స్)/ఎక్స్² అవధి సగం అని మొదటి సంవత్సరంలోనే చెబుతాం. ఒక విద్యార్థి దాన్ని యంత్రంతో సరిచూసుకోబోయి, ఎక్స్ స్థానంలో 0.1, 0.01, 0.001 పెట్టుకుంటూ పోయాడు. విలువలు 0.5 వైపు చక్కగా జరిగాయి. ఇంకా కచ్చితంగా ఉంటుందనుకొని 10 ఘాతం −8 పెట్టాడు, 0 వచ్చింది. అవధి సున్నా అని రాశాడు. ఆ ఎక్స్‌కు కాస్ విలువ ఒకటి కంటే తక్కువయ్యేది 5 ఇంటూ 10 ఘాతం −17 మాత్రమే. 14 అంకెల్లో అది కనిపించదు, యంత్రం కాస్‌ను 1 అనే అనుకుంది, 1లోంచి 1 తీసేసింది. దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసివేసే చోటల్లా ఇది పొంచి ఉంటుంది. మందు బీజగణితంలో ఉంది: లవాన్ని రెండు ఇంటూ సైన్ వర్గం ఎక్స్/2గా మార్చి అదే 10 ఘాతం −8 పెడితే 0.5 వస్తుంది.

రిగ్రెషన్: అతిగా సరిపోయే గీత

ఒక వ్యవసాయ బావిలో నేల మట్టం నుంచి నీరు ఎంత లోతున ఉందో జనవరి నుంచి మే దాకా కొలిచారనుకుందాం: 4, 5, 6.5, 8.5, 10 మీటర్లు. స్టాట్ మీట నొక్కి ఎడిట్‌లో నెలలను ఎల్1లో, లోతులను ఎల్2లో ఎక్కించి, కాల్క్‌లో క్వార్ట్‌రెగ్ అడిగితే నాలుగవ ఘాత బహుపది ఒకటి వస్తుంది, గీత బిందువులకు ఎంత సరిపోయిందో చెప్పే ఆర్ వర్గం సరిగ్గా 1 అని చూపిస్తుంది. ఐదు బిందువుల గుండా నాలుగవ ఘాత గీత ఎప్పుడైనా పోతుంది గనుక ఆ ఒకటికి విలువ లేదు. అదే గీతను ముందుకు సాగనివ్వండి: జూన్‌లో 9 మీటర్లు, జూలైలో 2.5, ఆగస్టులో −13.5. అంటే ఆగస్టుకు నీరు నేలకు పదమూడున్నర మీటర్ల ఎత్తున నిలబడాలి. వానలు ఎంత బాగా పడినా అది జరగదు. కొలిచిన నెలల మధ్య చదవడానికి సరళరేఖో, రెండవ ఘాతమో చాలు. కొలవని నెలల గురించి ఈ మీటను అడగకూడదు.

ఫోన్ వాడేవారికి

డెస్మోస్, జియోజీబ్రా ఉచితం, తెర పెద్దది, చుక్కలు చాలా ఎక్కువ. అందుకని 95 వరుసల మోసాలు అంత సులువుగా కనిపించవు. అయితే అక్కడ కూడా చుక్కలే, అలల సంఖ్య చుక్కల సంఖ్యను మించిపోతే బొమ్మ అబద్ధమే. అంకెల పరిమితి సుమారు 16 దగ్గర ఉంటుంది: 10 ఘాతం 16కు 1 కలిపి తీసేస్తే అక్కడా 0, కాస్‌తో పైన చేసిన లెక్కకూ అక్కడా 0. ఫ్యాక్టోరియల్ మాత్రం 170 దాకా పోతుంది. సైన్‌తో మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్‌లో రేడియనా, డిగ్రీనా చూసుకోవడం ఇక్కడా తప్పదు.

రికార్డులో గ్రాఫ్ అతికించేటప్పుడు దాని కింద నాలుగు సంగతులు రాయండి: యంత్రం నమూనా, కోణం మోడ్, ఎక్స్ హద్దులు, వై హద్దులు. ఆ అమ్మాయి తన పగటి పొడవు గ్రాఫ్ కింద "టీఐ-84 ప్లస్, రేడియన్, ఎక్స్ 0–376, వై 10–14" అని రాసింది. మౌఖిక పరీక్షకు వచ్చిన ఎగ్జామినర్ ఏడాదికి 376 రోజులెందుకని అడిగితే, 94ను నాలుగుతో గుణించి చూపించింది.